నురగ ఖరీదు

1920 ప్రాంతంలో అమెరికా పత్రికల్లో కోల్గేట్ కంపెనీ వేసిన ప్రకటనలు ఇప్పుడు తిరగేస్తే, వీళ్లకు అసలు వ్యాపారం చేయడం వచ్చా అనిపిస్తుంది. గడ్డం గీసుకునేవాళ్ల కోసం ఆ కంపెనీ అప్పట్లో మూడు సరుకులు అమ్మేది. ట్యూబులో క్రీము, డబ్బాలో పొడి, చేత్తో పట్టుకుని చెంపకు రుద్దుకునే స్టిక్కు. మూడూ మేమే తయారుచేస్తాం గనక మీరేది కొన్నా మాకొకటే, అందుకే ఉన్నమాట చెబుతున్నాం, అన్నిటిలోకీ పొదుపైంది స్టిక్కే అన్నది ఆ ప్రకటనల సారాంశం. అక్కడితో ఆగలేదు. స్టిక్కు అడుగున లోహపు పిడి ఉండేది. సబ్బు అరిగి అరిగి పిడి దాకా వచ్చాక ఆ మిగిలిన ముక్కను పారేయొద్దు, ఊడదీసి, తడిపి, కొత్త స్టిక్కు నెత్తిన అతికించుకోండి అని కూడా చెప్పారు. ఆ పిడి ఉన్న స్టిక్కుకు 'హ్యాండీ గ్రిప్' అని పేరు పెట్టారు.

మా నాన్న ఆ ప్రకటన చూసి ఉండరు. అయినా స్టీలు గిన్నెలో గడ్డం సబ్బు బిళ్ల అరిగి పల్చటి రేకులా మిగిలితే, కొత్త బిళ్ల అడుగు తడిపి, దాని మీద పెట్టి బొటనవేళ్లతో అదిమేవారు. మర్నాటికి రెండూ ఒకటయ్యేవి. ఇదెక్కడి పిసినారితనం అని అమ్మ దెప్పుతూనే ఉండేది.

గట్టి సబ్బు చవక కావడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు. అందులో నీళ్లు తక్కువ. బిళ్ల బరువులో నీరు పదో వంతుకు అటూ ఇటూగా ఉంటే, ట్యూబు క్రీములో సగం దాకా ఉండొచ్చు. డబ్బా నొక్కితే బుస్సున వచ్చే ఫోములోనైతే నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే. పాలలో నీళ్లు కలిపితే పాలవాణ్ని గుమ్మంలోనే నిలదీస్తాం. ఇక్కడ మాత్రం కుళాయి తిప్పితే వచ్చేదాన్ని డబ్బాలో పోసి అమ్మితే, డబ్బా రంగు చూసి మురిసిపోయి ఇంటికి తెచ్చుకుంటాం. గడ్డం సబ్బు చరిత్రలో సగం ఈ నీళ్ల వ్యాపారమే అని నా అభిప్రాయం.

అసలు సబ్బు చేసే పనేమిటో ముందు చూద్దాం. ఎండిన వెంట్రుక మొండిది. రెండు మూడు నిమిషాలు నీళ్లలో నానితే బ్లేడుకు చాలా తేలిగ్గా తెగుతుంది. ముఖం మీది జిడ్డు వదిలించి నీటికి దారిచ్చేది సబ్బు, ఆ నీరు జారిపోకుండా అక్కడే పట్టి ఉంచేది నురగ. కాబట్టి గడ్డానికి కావలసింది ఎక్కువ నురగ కాదు, నిలిచే నురగ. ఒంటి సబ్బు బోల్తా పడేది ఇక్కడే. కొబ్బరినూనె పాలు ఎక్కువున్న సబ్బు చెయ్యి తగలగానే పెద్ద పెద్ద బుడగలిస్తుంది. కుడి చెంప గీసి ఎడమ చెంపకు వచ్చేసరికి అక్కడ నురగ ఆరిపోయి, చర్మం బిగుసుకుపోయి ఉంటుంది.

నిలిచే నురగకు ఆధారం స్టియరిక్ ఆమ్లం. కొవ్వుల లోపల ఏముందో విప్పి చూపించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ 1823లో తన పరిశోధనలన్నీ గ్రంథంగా తెచ్చాడు. మైనంలా గట్టిగా ఉండే ఈ ఆమ్లం సంగతి అలా లోకానికి తెలిసింది. మొదట దాన్ని కొవ్వొత్తులవాళ్లు ఎగరేసుకుపోయారు, సబ్బులవాళ్లు తర్వాత అందుకున్నారు. షెవ్రల్ మాత్రం 102 ఏళ్లు బతికి అన్నీ చూశాడు. రెండో కిటుకు క్షారంలో ఉంది. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బు రాయిలా గట్టిపడుతుంది. కాస్టిక్ పొటాష్‌తో ఉడికిస్తే మెత్తగా ఉండి నీళ్లలో ఇట్టే కరుగుతుంది. రెండింటినీ పాళ్లు చూసి కలిపితే, గిన్నెలో గట్టిగా కూర్చుని, తడి బ్రష్ తగిలితే మాత్రం కరిగే బిళ్ల వస్తుంది. మంచి గడ్డం సబ్బులన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం ఒకప్పుడు యూరప్‌లో కూడా నేర్చుకోవలసిన విద్యే. 1769లో పారిస్‌లో కత్తులు చేసే జాన్ జాక్ పెరె దాని మీద ఏకంగా పుస్తకం రాశాడు. పియర్స్ సబ్బు ఆండ్రూ పియర్స్ కూడా లండన్ సోహోలో క్షౌరశాల నడిపినవాడే. ఇంగ్లండులో సబ్బు మీద 1712లో వేసిన పన్ను 1853లో గ్లాడ్‌స్టన్ తీసేసేదాకా కొనసాగింది. దొంగచాటుగా కాచి అమ్ముకుంటారని, రాత్రిళ్లు సబ్బు కాచే కాగులకు మూతలు పెట్టి అధికారులు తాళాలు వేసుకుపోయేవారట. అలాంటి చోట గడ్డానికని వేరే సబ్బు అంటే షోకే.

ఆ షోకును మామూలు ఖర్చుగా మార్చిన ఘనత అమెరికాలో జేమ్స్ బేకర్ విలియమ్స్‌కు ఇవ్వాలి. కనెక్టికట్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో ఒక దుకాణంలో పనిచేస్తూ, గడ్డానికి ఏ సబ్బు బాగుంటుందో తనే కాచి చూసుకుంటూ, 1840లో వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత పక్కనే ఉన్న గ్లాస్టన్‌బరీకి మారాడు. ఆయన సబ్బు పేరు 'జెన్యూన్ యాంకీ సోప్'. మగ్గు అడుగున సరిగ్గా కూర్చునే గుండ్రటి బిళ్ల. ఇందులోని తెలివి ఇప్పుడు మనకు తట్టదు గానీ, అప్పటిదాకా సబ్బు అంటే పెద్ద దిమ్మె నుంచి కోసి తూకం వేసి ఇచ్చే సరుకు. విలియమ్స్ దాన్ని ఒక పాత్రకు సరిపడా ముక్కగా చేసి, కాగితం చుట్టి, పేరు అచ్చేశాడు. బిళ్ల అయిపోతే మళ్లీ అదే పేరు అడగాలి. ఆ కంపెనీయే తర్వాత ఆక్వా వెల్వా అనే ఆఫ్టర్ షేవ్‌ను కూడా తెచ్చింది.

మగ్గు అంటే గుర్తొచ్చింది. 19వ శతాబ్దం చివర అమెరికా క్షౌరశాలల్లో గోడకు చెక్క అరల బీరువా ఒకటి ఉండేది. ప్రతి గదిలో ఒక పింగాణీ మగ్గు, దాని మీద బంగారు అక్షరాల్లో ఖాతాదారు పేరు. పేరు కింద వృత్తి బొమ్మ. రైలు డ్రైవరుదైతే ఇంజను, కసాయిదైతే ఎద్దు తల. యూరప్ నుంచి తెల్ల మగ్గులు తెప్పించి, అమెరికాలో చిత్రకారులు వాటి మీద రంగులద్దేవారు. ఒకరి బ్రష్షూ సబ్బూ ఇంకొకరికి వాడితే గడ్డం మీద పొక్కులు అంటుకుంటాయన్న భయం దీనికి ఒక కారణం. ఊరి క్షౌరశాలలో తన పేరు గోడ మీద కనబడాలన్న సరదా ఇంకో కారణం. రెండోదే పెద్ద కారణమని నాకు గట్టి అనుమానం. ఆ మగ్గుల్ని ఇప్పుడు వేలంలో కొనుక్కునేవాళ్లున్నారు.

ఎవరి గడ్డం వాళ్లు ఇంట్లోనే గీసుకునేలా రేజరు అమ్మి ఆ బీరువాను ఖాళీ చేసింది కింగ్ క్యాంప్ జిల్లెట్. ఆయన కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లు, మరుసటేడు 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం అమెరికా ప్రభుత్వం 35 లక్షల రేజర్లు కొనిపెట్టింది. కుర్రాళ్లు కందకాల్లో తమ గడ్డం తామే గీసుకోవడం నేర్చుకుని ఇంటికొచ్చారు. గట్టి సబ్బుకు అది స్వర్ణయుగం. చీకటి కోణం కూడా ఒకటుంది. యుద్ధకాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన చవక బ్రష్షుల వల్ల సైనికులకూ మామూలు జనానికీ ఆంత్రాక్స్ సోకింది. కొందరు చనిపోయారు. తప్పు సబ్బుది కాదు, కానీ బ్రష్ అంటేనే జనం జంకారు.

ఆ జంకు మీద కొత్త వ్యాపారం లేచింది. 1919లో బార్బసాల్ వచ్చింది. బ్రష్ అక్కర్లేదు, వేళ్లతో రాసుకోవచ్చు. 1925 నుంచి బర్మా షేవ్ వాళ్లు రోడ్ల పక్కన వరసగా బోర్డులు పాతి, బోర్డుకో పాదం చొప్పున హాస్య పద్యాలతో క్రీము అమ్మారు. 1949లో 'రైజ్' పేరుతో పీడనపు డబ్బా దిగింది. ఇక నానబెట్టడం లేదు, తిప్పడం లేదు. మీట నొక్కితే చాలు, అరచేతిలో కొండంత తెల్లటి గుట్ట. ఆ గుట్టలో గాలీ నీళ్లూ తీసేస్తే మిగిలేది గోరంత.

మన వైపు కథ వేరు. ఊళ్లో చెట్టు కింద పొది విప్పి కూర్చున్న నాయీబ్రాహ్మణులు చాలాచోట్ల సబ్బు లేకుండానే పని కానిచ్చేవారు. నీళ్లు అద్ది, వేళ్లతో రుద్ది రుద్ది మెత్తబరిచి, కత్తి పెట్టి, చివర పటిక రాసేవారు. ఏడాదికోసారి కల్లం దగ్గర మేర కింద ఇన్ని గింజలు కొలిచే ఏర్పాటులో సబ్బు ఖర్చు ఎవరు భరిస్తారు? చదువుకున్నవాళ్లకు స్వయంగా గీసుకునే అలవాటు మొదట విదేశాల నుంచి వచ్చింది. ఇంగ్లండు వెళ్లినవాళ్లు కనీసం గడ్డం గీసుకోవడమైనా నేర్చుకుని వస్తారని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు జుట్టు కత్తిరించనంటే, క్లిప్పర్లు కొనుక్కుని ఆ పని కూడా తనే నేర్చుకున్న సందర్భం అది.

స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్నప్పుడు సబ్బుకు ఇంకో చిక్కు తోడైంది, కొవ్వు. విదేశీ సబ్బుల్లో పశువుల కొవ్వు ఉండేది. తాళాలు చేసే అర్దేషిర్ గోద్రెజ్ వృక్ష నూనెలతోనే సబ్బు చేసి 1918 ప్రాంతంలో 'చావీ' పేరుతో దింపారు. ఆ గోద్రెజ్ సబ్బుల్ని రవీంద్రనాథ్ ఠాగూర్ మెచ్చుకున్న మాటలు ప్రకటనల్లోకి ఎక్కాయి. తర్వాతి దశాబ్దాల్లో అదే సంస్థ చేసిన గుండ్రటి బిళ్ల, గోద్రెజ్ షేవింగ్ రౌండ్, మధ్యతరగతి ఇళ్ల గూళ్లలోకీ సెలూన్ల అద్దాల ముందుకూ చేరింది. అలాంటి బిళ్ల సెలూన్‌లో నెలల తరబడి నడిచేది. తర్వాత క్రీము ట్యూబులు చవకయ్యాయి. ఎయిడ్స్ భయం వచ్చి నూరుడు కత్తి పోయి సగం బ్లేడు వచ్చింది. అందరికీ ఒకే బిళ్ల అంటే ఖాతాదారు మొహం చిట్లించడం మొదలుపెట్టాడు. బిళ్ల పక్కకు జరిగింది.

ఇప్పుడు గట్టి సబ్బు కొనాలనుకునేవాళ్లకు ప్రపంచంలో ఇంకా మంచి సరుకే దొరుకుతోంది. టర్కీలో ఎవ్యాప్ సంస్థ చేసే అర్కో స్టిక్కు వాటిలో బాగా చవక. నురగకు వంక పెట్టలేం, వాసన మాత్రం నిమ్మగడ్డితో నేల కడిగినట్టుంటుంది. స్పెయిన్‌లో లా తోహా ద్వీపం స్టిక్కు ఉంది. జబ్బుపడి వదిలేసిన గాడిద అక్కడి బురద నీళ్లలో పొర్లి కోలుకుందని, ఆ ఊటల పేరు మీదే సబ్బు పుట్టిందని చెప్పుకుంటారు. ఉన్ని పరిశ్రమకు పేరుపడ్డ ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చిన మిచెల్స్ ఊల్ ఫ్యాట్‌లో గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ కలుపుతారు. చేతికందే ధర కాదు గానీ ఏడాది దాకా అరగదు.

పేరు ఏదైనా అట్ట వెనక చదవాలి. పొటాషియం స్టియరేట్, సోడియం స్టియరేట్, స్టియరిక్ యాసిడ్ వంటివి మొదటి మూడు నాలుగు మాటల్లో కనబడితే నమ్మొచ్చు. టాలో, టాలోవేట్ అని ఉంటే పశువుల కొవ్వు, పట్టింపు ఉన్నవాళ్లు పామ్ నూనెతో చేసినవి చూసుకోవాలి. నురగలో తేడా ఉన్నా అది సర్దుకోగలిగేదే. చేతితో చేశామంటూ అద్దంలా మెరిసే గ్లిజరిన్ సబ్బును పువ్వు బొమ్మ పెట్టెలో నాలుగింతల ధరకు అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు స్నానానికి పనికొస్తాయి, అంతవరకే. ధర చూసేటప్పుడు పెట్టె ధర కాదు, గ్రాము ధర లెక్కేసుకోండి. బిళ్ల నుంచి ఒక గడ్డానికి అరిగేది సాధారణంగా గ్రాము లోపే. 75 గ్రాముల స్టిక్కు రోజూ గీసుకునేవాళ్లకు కూడా రెండున్నర నెలలు తేలిగ్గా వస్తుంది.

మంచి సబ్బు కొన్నా నురగ రావడం లేదని వాపోయేవాళ్లలో ఎక్కువమంది విషయంలో దోషం బోరు నీళ్లది. ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం స్టియరేట్‌ను పట్టుకుని గిన్నె అంచున తెట్టులా తేలుస్తాయి. సబ్బు మార్చే ముందు ఒక్కసారి తాగే నీళ్లు అర గ్లాసు వాడి చూడండి. బిళ్ల మీద ఒక చెంచాడు గోరువెచ్చటి నీళ్లు పోసి రెండు నిమిషాలు వదిలేసి, బ్రష్‌ను దులిపి, అర నిమిషం గట్టిగా తిప్పాలి. మొదట సబ్బు పేస్టులా బ్రష్‌కు పట్టుకోవాలి, తర్వాత ముఖం మీద చుక్క చుక్క నీరు చేరుస్తూ నురగ పెంచాలి. చాలామంది మొదటే నీళ్లు ఎక్కువ పోసి, బుడగలు చూసి సంబరపడి, బ్లేడు పెట్టాక తిట్టుకుంటారు. స్టిక్కయితే గిన్నే అక్కర్లేదు, తడి గడ్డం మీద వెంట్రుకకు ఎదురు రుద్దితే సరి. పని అయ్యాక నీళ్లు వంపేసి, మూత పెట్టకుండా ఆరనివ్వాలి. తడి మీద మూత పెడితే అడుగు మెత్తబడి సగం బిళ్ల వృథాగా కరిగిపోతుంది.

సబ్బులో మిగిలిన డబ్బు బ్రష్ మీద పెట్టండి. పంది వెంట్రుకల బ్రష్ చవక, గట్టి బిళ్ల మీద బాగా పనిచేస్తుంది కానీ వాడబోయే ముందు కాసేపు నానాలి. వద్దనుకుంటే సింథటిక్ బ్రష్‌కు నానబెట్టే పని కూడా లేదు. పంది వెంట్రుకలదైతే కొత్తలో వాసన కొడుతుంది. నాలుగైదు సార్లు సబ్బు పట్టించి, కడిగి, నీడలో ఆరబెడితే పోతుంది.