పెరటి పిల్లి, ఇంటి పిల్లి

"ఫెరల్ క్యాట్" అన్న మాటకి తెలుగులో ఏమనాలో నాకు చాలాకాలం తోచలేదు. బావురుపిల్లి అందామంటే అది అసలు అడివి జాతి. గండుపిల్లి అంటే మగది. దొంగపిల్లి అంటే లేనిపోని అభాండం. ఆలోచించగా తేలిందేమిటంటే, మనకి ఆ మాటతో అవసరమే రాలేదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పిల్లులన్నీ అవే. గాదె కింద ఈనేవి, ఎలకల్ని పట్టేవి, సందు దొరికితే వంటింట్లో దూరేవి. వాటి భయానికే పాలూ పెరుగూ ఉట్టెక్కాయి. అమ్మమ్మ ఓ పక్క చీపురు విసురుతూనే, మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసి గోడవార పెట్టేది. "ఎవరి పిల్లి అమ్మమ్మా?" అంటే నవ్వేది. పిల్లి ఎవరిదో ఒకరిదై ఉండాలన్న ఆలోచనే ఆవిడకి వింత.

ఇక్కడ డెట్రాయిట్ శివార్లలో మా ఇంటికి మాత్రం రెండు రకాల పిల్లులున్నాయి. లోపలి రెండింటికీ మా అమ్మాయి పేర్లు పెట్టింది. ఎర్రనిది ఆవకాయ, తెల్లనిది మీగడ. వాటికో డాక్టరు, టీకాల కాగితాలు, నేను క్లయింటుతో మాట్లాడుతుంటే కీబోర్డు మీద పడుకునే హక్కు, తెల్లవారుజామున మెట్ల మీద పరుగుపందేలు. డెక్ కింద ఉండేది ఇంగువ. దూరం నుంచే దాని ఉనికి తెలియాలి, దగ్గరికి రాదు. ఆ మూడూ ఒకే తల్లి పిల్లలు, ఒకే ఈతలోవి.

అమెరికాలో కూడా మొన్నమొన్నటిదాకా నడిచింది అమ్మమ్మ పద్ధతే. మనిషికీ పిల్లికీ స్నేహం పాతదే. సైప్రస్‌లో మనిషి సమాధికి మూరెడు దూరం అటూ ఇటూగా పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ఫ్రెంచి పురాతత్వవేత్తలు ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. ఈ ఖండానికి ఇంటి పిల్లి యూరప్ వాళ్ళ ఓడల్లో వచ్చింది. ఎలకల్ని పట్టడం దాని ఉద్యోగం. మనలో చాలామందిలాగే అదీ పని మీదే వచ్చిందన్నమాట, వీసా బాధ లేదు, అంతే తేడా. పగలు కొట్టాంలో, రాత్రి బయట. వైట్‌హౌస్ పిల్లికి కూడా ఇదే రివాజు. 1924లో ప్రెసిడెంట్ కూలిడ్జ్ గారి పిల్లి టైగర్ షికారుకెళ్ళి తిరిగి రాకపోతే రేడియోలో ప్రకటన ఇప్పించారు. అలా దొరికింది.

ఆ తిరుగుడు మానిపించింది మా మిషిగన్ వాడే. కసోపొలిస్ అనే చిన్న ఊళ్ళో ఎడ్ లో అనే కుర్రాడు నేవీ నుంచి తిరిగొచ్చి తండ్రి వ్యాపారంలో చేరాడు. కార్ఖానాల్లో ఒలికిన నూనె పీల్చే సరుకులు అమ్మేవాళ్ళు. 1947 చలికాలంలో పొరుగావిడ వచ్చి, పిల్లి కోసం వాడే ఇసక గడ్డకట్టిందనీ, బూడిద పోస్తే ఇల్లంతా అడుగులు పడుతున్నాయనీ మొరపెట్టుకుంది. అతను ఫుల్లర్స్ ఎర్త్ అనే, తడిని బాగా పీల్చే మట్టి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. అప్పుడు అయిదేసి పౌన్ల సంచుల్లో పోసి, "కిటీ లిటర్" అని చేత్తో రాసి, 65 సెంట్లకి అమ్మకానికి పెట్టాడు. ఇసక దాదాపు ఊరికే దొరికే రోజుల్లో! 1990లో ఆ కంపెనీని కోట్ల డాలర్లకి అమ్మాడు.

మట్టి సంచీ ఒక్కటే చాలదు. కాలం వచ్చిన పిల్లిని ఇంట్లో కట్టేసి ఉంచడం ఎవరి తరమూ కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చవకలో చేసే ఆస్పత్రులు ఇక్కడ 1970ల నుంచి పెరిగాయి. ఈ రెండూ కలిసి పిల్లిని గడప లోపల కూర్చోబెట్టాయి. సరిగ్గా అప్పటి నుంచే గడప బయట మిగిలిపోయిన దానికి వేరే పేరు కావలసి వచ్చింది. నా లెక్కలో "ఫెరల్" అన్నది పిల్లి స్వభావం కాదు, మనిషి కొత్తగా కట్టిన గోడకి అవతలి పక్క.

ఆ పక్కన ఉన్నవాటి గతి ఎక్కువగా చావే. 1989లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కాంపస్‌లోని వందలాది పిల్లుల్ని పట్టించి తీసెయ్యాలనుకుంటే, అక్కడి వాళ్ళే కొందరు అడ్డుపడ్డారు. పట్టుకుని, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, మళ్ళీ అక్కడే వదులుతాం, తిండి మేం పెడతాం అన్నారు. మరుసటి ఏడు వాషింగ్టన్‌లో ఆలీ క్యాట్ అలైస్ అనే సంస్థ ఇదే పనికోసం పుట్టింది. ఆపరేషన్ అయినదానికి గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ వీధికుక్కలకి చేసే ఆపరేషన్లు ఇలాంటివే. కుక్కల విషయంలో మన కేంద్ర ప్రభుత్వం 2001లో రూల్సే చేసింది.

మరి ఒకే ఈత పిల్లలు అటూ ఇటూ ఎందుకయ్యాయి? టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ 1980లలో చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలిన పిల్ల మచ్చికవుతుంది. ఆ గడువు దాటితే కష్టం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మా పెరటి మూడురంగుల తల్లి అక్షరాలా అదే చేసింది. అయిదో వారంలో రెండు మాకు చిక్కాయి. మూడోదాన్ని అప్పటికే ఎక్కడికో చేరవేసింది. అది పదో వారంలో గానీ కనపడలేదు. ఆ అయిదు వారాల తేడాయే ఇంగువ బతుకు. మా ఆవిడ గిన్నె పెట్టి మూడడుగులు వెనక్కొస్తేనే తింటుంది. అద్దం తలుపుకి అవతల అది, ఇవతల ఆవకాయ, గంటల తరబడి పంజాకి పంజా ఆనించి ఆడుకుంటాయి. తలుపు తీస్తే మాత్రం ఇంగువ మాయం.

మా పక్కింటాయన పిట్టల ప్రేమికుడు. ఆయన ఫీడరు మీద వాలే గోల్డ్‌ఫించ్‌ల తరఫున నాతో వాదిస్తాడు. వాదనలో బలముంది. బయట తిరిగే పిల్లులు ఈ దేశంలో ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ భాగం ఎవరివీ కాని పిల్లుల పనే. ఆపరేషన్ చేసినంత మాత్రాన పిల్లి వేట మానదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పట్టించి పంపేస్తే ఏమవుతుంది? పదేళ్ళు నిండని మా అమ్మాయి అడిగిన ప్రశ్న అదే. ఆయనా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

చివరికి బోనులో చేప ముక్క పెట్టి, తల్లినీ ఇంగువనీ పట్టి, ఆపరేషన్ చేయించి వదిలాం. బోను మోయడానికి రెండో చెయ్యి పక్కింటాయనదే. చలికాలానికి ప్లాస్టిక్ తొట్టికి కంత చేసి లోపల ఎండుగడ్డి పరిచాం. దుప్పటి పనికిరాదు, తడి పట్టి గడ్డకడుతుంది. గడ్డి చూస్తే అమ్మమ్మగారి గాదె గుర్తొచ్చింది. మూడేళ్ళయింది, డెక్ కింద మళ్ళీ ఈత లేదు. తల్లి కిందటేడు నుంచి కనపడటం లేదు. ఫీడరుని ఆయన ఇనప స్తంభం మీదకి మార్చి, కింద రేకు గరాటా బిగించాడు. మా అమ్మాయి దాన్ని ఉట్టి అంటుంది.