పెరడు పెరిగినంత మాత్రాన దారి పెరగదు: స్థల విస్తరణ, రాకపోకల హక్కులపై చట్టం

ఇంటి వెనుకనున్న చేను ముక్కను కొని, ప్రహరీని అంతవరకు జరిపి పెరడును పెంచుకోవడం గ్రామాల్లోనూ, పట్టణ శివార్లలోనూ తరచూ కనిపించేదే. రిజిస్ట్రేషన్ పూర్తయితే ఆ భూమిని ఎలాగైనా వాడుకోవచ్చని, దానికి దారి కూడా దానంతటదే సంక్రమిస్తుందని పలువురు కొనుగోలుదారులు భావిస్తారు. చట్టం ఈ రెండింటినీ అంగీకరించదు.

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చాలంటే ముందుగా అనుమతి పొంది, నిర్ణీత పన్ను చెల్లించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో చేసిన చట్టం నిర్దేశించింది. ‘నాలా’గా ప్రసిద్ధమైన ఈ విధానం తెలంగాణలో కొనసాగుతుండగా, దీనిని రద్దు చేసి అభివృద్ధి రుసుము విధానానికి మారాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. కొన్న చోట కూరగాయలు, పండ్ల చెట్లు పెంచితే అది సాగు కిందికే వస్తుంది. షెడ్డు వేసినా, కార్లు నిలిపే చోటుగా మార్చినా భూమి వినియోగం మారినట్లే. భూమార్పిడి ఉత్తర్వు నిర్మాణ అనుమతి కాదన్నది మరో ముఖ్యాంశం. తెలంగాణ పట్టణ ప్రాంతాల్లో అమలవుతున్న 2012 నాటి భవన నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటి నుంచి 9 మీటర్ల మేర పచ్చదనానికే వదలాలి. అక్కడ కట్టడాలు చెల్లవు.

అసలు చిక్కు దారి దగ్గర మొదలవుతుంది. పొరుగువారి భూమి మీదుగా నడిచే హక్కును 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం నిర్వచించింది. ఒకే యజమాని భూమి విడిపోయి, ఒక భాగానికి వేరే దారి లేకుండా పోయినప్పుడే 13వ సెక్షన్ కింద ‘అవసర దారి’ లభిస్తుంది. సౌకర్యంగా ఉంటుందన్న కారణం చాలదు. పెరడును విస్తరించే వ్యక్తికి ముందువైపు తన ఇంటి గుండా వీధికి దారి ఉండనే ఉంటుంది. అందువల్ల వెనుకవైపు పొరుగు చేనులోంచి బాట కావాలని ఈ సెక్షన్ కింద కోరడం కష్టం.

ఇప్పటికే హక్కుగా నడుస్తున్న బాట ఉన్నా, దాని పరిధి కొత్త స్థలానికి విస్తరించదు. ఒక భూమికి ఉన్న దారిని దాని అనుభవంతో సంబంధం లేని అవసరానికి వాడరాదని 21వ సెక్షన్ చెబుతోంది. ఒక పొలానికి ఉన్న దారి మీదుగా, దాని ఆవల ఉన్న మరో పొలానికి వెళ్లరాదన్న ఉదాహరణను చట్టమే ఇచ్చింది. తన భూమిని మార్చినంత మాత్రాన, దానికి కలుపుకున్నంత మాత్రాన హక్కు భారాన్ని గణనీయంగా పెంచరాదన్నది 29వ సెక్షన్. కాలినడక హక్కు బండ్ల హక్కు కాదు. 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచిన బాటకు 15వ సెక్షన్ రక్షణ ఉంది. పొరుగువారి దయతో, అనుమతితో నడిచిన కాలం ఈ లెక్కలోకి రాదు.

ప్రజా రహదారి విషయం వేరు. స్థలం రోడ్డును ఆనుకుని ఉన్నా జాతీయ రహదారిపైకి వాహనాల కోసం గేటు తెరవాలంటే 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద రహదారి యంత్రాంగం అనుమతి తప్పనిసరి. కాలిబాటపై కంచె వేసి మొక్కలు నాటడం, మురుగు కాలువను మూసి వీధిలోకి ర్యాంపు దించడం నగరాల్లో మామూలైపోయింది గానీ, ఆ జాగా ఇంటి యజమానిది కాదు.

కొనేముందు దస్తావేజు హద్దుల్లో ‘బాట’ అని రాసి ఉంటే సరిపోదు. గ్రామ నక్షాలో, సర్వే నంబరు టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీలో అది డొంకగా, పుంతగా, బండ్ల బాటగా నమోదైందో లేదో చూడాలి. నమోదు లేకపోతే అది పట్టాదారు సొంత గట్టే అయివుండవచ్చు. అప్పుడు ఆ పట్టాదారుతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, దారి వెడల్పు, వాహనాలు, నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు వెళ్లే వీలును అందులో పేర్కొని రిజిస్టరు చేయించాలి. నోటిమాటగా ఇచ్చిన అనుమతిని పొరుగువారు వెనక్కి తీసుకోవచ్చు. ఆ చేను చేతులు మారితే కొత్త యజమాని దానికి కట్టుబడనవసరం లేదు.