‘విడో’ అను మాట

మొన్న ఎనిమిదవ తరగతి బాలురకు ఆంగ్లపాఠము చెప్పుచుండగా ‘విడో’ అను పదము వచ్చినది. విధవ యని యర్థము చెప్పితిని. వెనుకబల్లమీది బాలుడొకడు ఫక్కున నవ్వెను. కారణమడుగగా, “అది తిట్టు గదండీ” యనెను. వాని తప్పేమి? పుట్టినది మొదలు వాడా మాటను ‘వెధవ’ యను రూపముననే, అదియు మగపిల్లల నుద్దేశించియే, వినియుండెను. తండ్రి కొడుకును, గురువు శిష్యుని అట్లు తిట్టుట మనలో వాడుకయే.

విడో, విధవ యనునవి ఒకదానినుండి యొకటి పుట్టినవి కావు; ఒక తల్లి బిడ్డలు. ప్రాచీనాంగ్లమున ‘విదెవె’ యనియు, గోథిక భాషలో ‘విదువో’ యనియు, లాటినున ‘విదువ’ యనియు, రష్యనున ‘వ్దొవా’ యనియు ఈ పదమే కలదు. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో సంస్కృతమునకును గ్రీకు లాటినులకును గల బాంధవ్యమును ప్రకటించిన పిదప ఇట్టి పదము లనేకము వెలికివచ్చినవి. పితృ, మాతృ, భ్రాతృ శబ్దములవలె నిదియు వేలయేండ్లనాటి కుటుంబపదము. దీని మూలధాతువునకు వేఱగుట, కొఱవడుట యని యర్థము. పాపమను భావముగాని, అశుభమను భావముగాని అందు లేదు.

మన పండితులు ‘ధవుడు లేనిది విధవ’ యని విడదీయుదురు. నేనును చిన్ననాడట్లే వల్లించితిని. యాస్కుడు నిరుక్తమున నాలుగు విధముల నిర్వచనము చెప్పి, దీనిని తుదను పేర్కొనెను. ఆయనకే నిశ్చయము లేదన్నమాట. ఆధునిక భాషాశాస్త్రజ్ఞుల మతమున విధవాశబ్దమే ముందరిది. ‘వి’ ఉపసర్గయని భ్రమించి త్రోసివేయగా మిగిలినవాడు ధవుడు. భర్తపేరునుండి విధవపేరు పుట్టలేదు. విధవపేరునుండియే భర్తపేరు పుట్టెను! ఇంతకన్న వినోదకరమగు తారుమారును నేనెఱుగను.

ఇంగ్లీషునను ఇట్టిదే జరిగినది. ఆ భాషలో సాధారణముగ పురుషవాచకమునకు ప్రత్యయము చేర్చి స్త్రీవాచకము చేయుదురు. ఇచ్చటనో, 14వ శతాబ్దమున ‘విడో’కే ప్రత్యయము తగిలించి, భార్య పోయినవానికి ‘విడోవర్’ అని పేరిడిరి. మనకును విధురుడను మాట కలదు. అది తిట్టయినట్లు నేనెన్నడును వినలేదు.

స్త్రీకి మాత్రము ఒకటి చాలలేదు. గొరిగిన తలయను నర్థముగల ముండశబ్దము తెలుగున నెట్టి మాట యయినదో చదువరు లెఱుగుదురు. రండాశబ్దమునకును అదే గతి. తల గొరిగించినవారు ఎవరు, తిట్టు తిన్నది ఎవరు? ఇంగ్లండున విధవలు సుఖపడిరని నేననను. కాని వారి పేరచ్చట తిట్టు కాలేదు. ముద్రాపకులు పేరాలోని తుదిపంక్తి ఒంటరిగా మఱునాటి పుటకెక్కినట్లు పైపుటకెక్కినచో దానిని ‘విడో’ యందురు, అంతే.

వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న మొదటి వితంతువివాహమును జరిపించిరి. వితంతువు అనునది మర్యాదగల మాటయని నేడు వాడుచున్నాము. అందును తెగిన తంతువే కలదు. ఆ పెండ్లి జరిగి నూటనలువది యేండ్లు దాటినను ‘వెధవ’ మన నాలుకలనుండి దిగలేదు.

ఇదంతయు ఆ బాలునికి చెప్పుటకు గంట చాలలేదు. ఆ వారముననే యెవడో సుద్దముక్క విసరగా, అలవాటున నా నోటనుండి ఆ మాటయే వెడలినది. వెనుకబల్లవాడు నావంక చూచెను. ఈమారు నవ్వలేదు.