వైరస్ వంశవృక్షం, మానవ వలసలు: సాక్ష్య విచారణ

ఒక కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు లభించినప్పుడు, వాటిలోని లేఖక దోషాల సామ్యాన్ని బట్టి ఏ ప్రతి ఏ మాతృక నుండి వచ్చిందో నిర్ణయించడం పాఠపరిష్కర్తలకు పరిచితమైన పద్ధతి. వైరస్‌ల జన్యుక్రమాల ద్వారా ప్రాచీన మానవ వలసలను గుర్తించే ప్రయత్నానికి మూలం ఈ తర్కమే. వైరస్ తన జన్యుపదార్థానికి ప్రతులు తీసుకొనేటప్పుడు దొర్లిన మార్పులు తరువాతి తరాలకు సంక్రమిస్తాయి. ఒకే మార్పులు గలవాటిని ఒకే శాఖగా పరిగణిస్తారు.

ఈ పరిశోధనలో ప్రసిద్ధి పొందినది జె.సి. వైరస్. 1971లో ఒక రోగి మెదడు నుండి దీనిని వేరుచేశారు. ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే దీని పేరయ్యాయి. సాధారణంగా బాల్యంలోనే సోకి, ఏ బాధా కలిగించకుండా మూత్రపిండాలలో జీవితాంతం నిలిచిపోతుంది. తరచుగా తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమిస్తుంది గనుక, జాతితో పాటే ఇదీ ప్రయాణించి ఉంటుందని పరిశోధకులు భావించారు. 1997లో అగొస్తీని బృందం అమెరికాలోని నవాహోలలోనూ, గువాం ద్వీపంలోని చమోరోలలోనూ ఆసియా రకాలను గుర్తించింది. ఆసియా నుండి అమెరికాకు, పసిఫిక్ దీవులకు సాగిన వలసలకు ఇది కొత్త సాక్ష్యంగా కనిపించింది.

అయితే ఇక్కడ అన్యోన్యాశ్రయ దోషం ఉంది. వైరస్ మానవునితో పాటే శాఖలుగా చీలిందని ముందుగా అంగీకరించి, మానవ వలసల కాలాన్ని బట్టి వైరస్ మార్పుల వేగాన్ని లెక్కించారు. ఆ వేగాన్ని ఆధారం చేసుకొని తిరిగి వలసలను సమర్థించారు. 2006లో శాకెల్టన్ బృందం సేకరణ కాలం తెలిసిన నమూనాలతో స్వతంత్రంగా లెక్కించగా, మార్పుల వేగం పూర్వపు అంచనా కన్నా ఎంతో ఎక్కువగా తేలింది. వైరస్, మానవ వంశవృక్షాల మధ్య సహవిభజనకు ఆధారం కనిపించలేదు. నవాహోలలో ఆసియా రకం ఉన్నదన్న పరిశీలన అలాగే నిలిచింది. సందేహాస్పదమైనది దానికి కట్టిన కాలం.

తేదీ లేని ప్రతికీ, తేదీ గల శాసనానికీ గల భేదం ఇక్కడ గుర్తుకు వస్తుంది. పురాతన అస్థిపంజరాల నుండి నేరుగా లభించిన హెపటైటిస్ బి వైరస్ జన్యుక్రమాలు శాసనాల వంటివి. 2021లో వెలువడిన అధ్యయనం సుమారు 10,500 నుండి 400 సంవత్సరాల క్రితం వరకు జీవించిన 137 మంది నుండి వీటిని సేకరించింది. ఐరోపాలో మధ్యశిలాయుగపు వేటగాళ్ల వైరస్ రకాల స్థానాన్ని తొలి వ్యవసాయదారులు తెచ్చినదిగా భావిస్తున్న శాఖ ఆక్రమించింది. వలసవాదానికి ఇది అనుకూలమే. కాని ఆ శాఖ పశ్చిమ యురేషియాలో దాదాపు 4,000 సంవత్సరాలు, క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది చివరి వరకు ప్రబలంగా కొనసాగింది. స్టెప్పీ మైదానాల పశుపాలకులు క్రీ.పూ. 3000 ప్రాంతంలో ఐరోపాకు తరలివచ్చి అక్కడి జనుల వంశక్రమాన్నే మార్చివేసిన ఘట్టం ఈ వ్యవధిలోనిదే. జనం మారినా వైరస్ శాఖ మారలేదు.