పేరాక్‌లో ఒక 1/70

కౌలాలంపూర్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లో కొన్నింటికి ధర కింద 'మలయ్ రిజర్వ్' అని ఉంటుంది. అలాంటి ఇల్లు పక్క వీధిలో అదే కొలత ఉన్న ఇంటికంటే బాగా చవక. ఎందుకని మా ఆఫీసులో ఒకామెను అడిగాను. ఆ స్థలం మలయ్ వాళ్లు మలయ్ వాళ్లకే అమ్మాలట. చైనా వాళ్లు కొనకూడదు, మనవాళ్లు కొనకూడదు. ఆమె ఇంకా విడమరచి చెప్పబోయింది కానీ పినపాక ఏజెన్సీలోని ఏడూళ్ల బయ్యారంలో పెరిగినవాడికి అంత అవసరం లేదు. మా తాత తెల్ల కాగితం మీద రాయించుకున్న ఇంటి జాగా నేటికీ తెల్ల కాగితం మీదే ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరు మీదికి ఎక్కనివ్వని 1/70 చట్టం గురించి మా ఇంట్లో అన్నాల దగ్గర నడిచినంత వాదన ఇంకే సంగతి మీదా నడవలేదు.

ఈ మలయ్ రిజర్వ్ చట్టం ఇక్కడికెలా వచ్చిందో తెలుసుకోవాలనిపించి, సెలవులు కలిసొచ్చినప్పుడు ఒక్కణ్నే రైలెక్కి పేరాక్ రాష్ట్రం వెళ్లాను. ఇపో ఊరు దగ్గరపడే కొద్దీ పట్టాలకు అటూ ఇటూ నిటారుగా సున్నపురాతి కొండలు, వాటి మధ్య పచ్చటి నీటి గుంటలు. అవన్నీ ఒకప్పటి తగరం గనులు. ఆ తగరం కోసమే చైనా దక్షిణ తీరం నుంచి జనం వేలకు వేలు వచ్చారు. ఆ తర్వాత రబ్బరు వచ్చింది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ అడవుల నుంచి లండన్‌కు పంపిన విత్తనాలు మొలకెత్తితే, మరుసటి ఏడు కొన్ని మొక్కలు సింగపూరు చేరాయి, అక్కణ్నుంచి పేరాక్ కూడా చేరాయి. ఆనాటి చెట్టు ఒకటి కౌలా కాంగ్సార్‌లో ఇంకా నిలబడి ఉంది. మొదలు బాగా లావు, చుట్టూ కంచె. దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాను. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఎన్ని ఇళ్లు ఖాళీ అవ్వాలో ఈ చెట్టు జాతే తేల్చింది. కార్లకు టైర్లు కావాల్సి వచ్చేసరికి తోటలు పెరిగాయి, తోటలకు కూలీలు కావాల్సి వచ్చారు. కంగాణీ అనే మేస్త్రీ తన ఊరికే వెళ్లి, తన వాళ్లకే అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడెక్కించేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా ఇది సాగింది.

రబ్బరు ధర లేచినప్పుడు మలయ్ రైతు తన పొలం అమ్ముకోవడం మొదలుపెట్టాడు, లేదా వడ్డీకిచ్చే చెట్టియార్ల దగ్గర తాకట్టు పెట్టాడు. భూమి మొత్తం పోతుందని 1913లో బ్రిటిష్ వాళ్లు మలయ్ రిజర్వేషన్ చట్టం తెచ్చారు. మన ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టి చేసిన కారణం ఇంతకంటే వేరా? వడ్డీ వ్యాపారి, తాకట్టు, కోయ రైతు వేలిముద్ర... పేర్లు మారిస్తే ఒకటే కథ. అయితే ఇక్కడ దొర ఇంకో పని కూడా చేశాడు. 1917లో వరి భూముల్లో వేరే పంట వేయొద్దని మరో చట్టం పెట్టాడు. లాభం తెచ్చే రబ్బరు కంపెనీలది, అన్నం పెట్టే వరి మలయ్ రైతుది. కాపాడుతున్నానంటూనే కట్టేశాడు.

1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఈ రిజర్వు భూములు రాజ్యాంగంలోకి ఎక్కాయి. 1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయ్‌లకూ చైనీయులకూ మధ్య నెత్తురు పారాక, 1971 నుంచి చదువులోనూ వ్యాపారంలోనూ భూమిపుత్రులకు, అంటే మలయ్‌లకూ ఇతర మూలవాసులకూ, వాటాలు వచ్చాయి. ఇప్పుడు దేశ పౌరుల్లో నూటికి డెబ్బై దాకా భూమిపుత్రులే. సుల్తానులు వాళ్లవాళ్లే, ప్రధానులూ వాళ్లవాళ్లే. మన దగ్గర 1/70 ఎవరి కోసం ఉందో ఆ కోయవాళ్లకు పినపాక ఎమ్మెల్యే సీటు లాంటి కొన్ని రిజర్వు సీట్లు తప్ప అధికారంలో ఇంకేముంది? ఇక్కడే నా పోలిక తెగిపోయింది.

దాని రెండో కొస తాపా నుంచి కామెరాన్ కొండలకు ఎక్కే పాత రోడ్డు మీద దొరికింది. మలుపు మలుపుకూ వెదురు పాకలు. వాటి ముందు గుత్తులు గుత్తులుగా పెటాయి కాయలు వేలాడుతుంటాయి. జానెడు పైన పొడవు, మెలికలు తిరిగిన పచ్చటి కాయలు, లోపల గింజకు ఘాటైన వాసన. పక్కన వాడేసిన సీసాల్లో నింపిన అడవి తేనె. అమ్ముతున్నది సెమాయ్ తెగవాళ్లు. ఓరాంగ్ అస్లీ అని పిలిచే అడవి జనంలో వాళ్లొకరు. మలయ్‌ల కంటే ముందు నుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్లు, నేడు దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరు. నేను తేనె కొన్న పాకలో ఒక ముసలాయన వేలితో సీసా మూతి తుడిచి ఇచ్చాడు. బేరం ఆడబుద్ధి కాలేదు.

వాళ్ల కోసం 1954లో ఒక చట్టం చేశారు కానీ పట్టా మాత్రం చేతికివ్వలేదు. 1995లో కౌలాలంపూర్ విమానాశ్రయానికి రోడ్డు వేయడానికి డెంగ్కిల్ దగ్గర తెమువాన్ తెగవాళ్ల 38 ఎకరాలు తీసుకున్నారు. ఇళ్లకూ చెట్లకూ లెక్కగట్టారు, నేలకు ఏమీ ఇవ్వలేదు. సాగోంగ్ బిన్ తాసీ అనే ఆయన, మరికొందరు కోర్టుకెళ్లారు. తాతముత్తాతల నుంచి ఉన్న నేల వాళ్లదేనని 2002లో హైకోర్టు, 2005లో అప్పీలు కోర్టు చెప్పాయి. మన సమత తీర్పు 1997లో వచ్చింది. విశాఖ ఏజెన్సీలో గనుల లీజులు గిరిజనేతరులకు చెల్లవన్న తీర్పు. నేను ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చింది డెంగ్కిల్ మీదుగానే. సాగోంగ్ పేరు నాకప్పటికి తెలియదు. మన మణుగూరు బొగ్గు లారీల రోడ్డు కింద ఎవరి చేలు పోయాయో మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పిల్లలు బళ్లో నా బెంచీ మీదే కూర్చునేవాళ్లు.

చివరగా బాగన్ దాతుక్. కొబ్బరి తోటల మధ్య తెలుగువాళ్లుండే చోటు. ఒక అమ్మమ్మ వాకిట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "ఏ ఊరు బాబూ?" అంది. పినపాక అంటే తెలియలేదు. భద్రాచలం దగ్గరంటే చప్పున లేచి కొంగు సర్దుకుంది. రాములోరి కల్యాణం కళ్లారా చూశావా, తలంబ్రాలు మీద పడ్డాయా, గోదారి గుడి మెట్ల దాకా వస్తుందా అని అడుగుతూనే ఉంది. వరదల్లో గుడి వీధుల్లో నీళ్లు నిలవడం, నాన్న భుజాల మీద కూర్చుని కల్యాణం చూడటం అన్నీ చెప్పాను. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. ఆమె పుట్టింది ఇక్కడి ఎస్టేటు లైను ఇంట్లోనే. ఆమె తాతలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట. తోట అమ్ముడుపోయాక ఆ ఇల్లు ఖాళీ చేయమన్నారు. మూడు తరాలు చెమటోడ్చిన నేలలో వాళ్లకు ఒక్క సెంటు రాలేదు.

మా నాన్నకు 1/70 అంటే మంట. మన జాగా మన పేరు మీద ఎక్కదేమిరా అని ఫోనులో ఇప్పటికీ అంటాడు. ఆయన బాధ నాకు తెలుసు. అరవై ఏళ్ల కష్టం ఆ గోడల్లో ఉంది. ఇళ్ల వరకూ ఏదో దారి చూడాలన్నది న్యాయమే. కానీ చేల మీద ఆ చట్టం ఎత్తేయాలంటే మాత్రం నేను ఆయన పక్షాన ఉండలేను. ఈ మాట ఫోనులో చెప్పేది కాదు. శ్రీరామనవమికి వస్తున్నాను, ఎదురుగా కూర్చునే చెబుతాను.