ప్రీమియం లెక్క వెనుక చరిత్ర

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. అలాంటి ఒక నేత కార్మికుణ్ణి, ఒక ప్రభుత్వ కార్యాలయపు గుమాస్తాను పక్కపక్కన ఊహించుకోండి. ఇద్దరిదీ ఒకే వయసు, ఇద్దరూ ఆరోగ్యవంతులే. అయినా 1990ల మొదట్లో చవక ప్రీమియంతో వచ్చే ఒక పాలసీ గుమాస్తాకు దొరికేది, నేత కార్మికుడికి దొరికేది కాదు. కారణం తెలియాలంటే ముందుగా ప్రీమియం ఎలా కడతారో చూడాలి.

ముప్పై ఏళ్ళ వయసువారు వెయ్యిమంది తలా లక్ష రూపాయలకు ఒక ఏడాది బీమా చేశారనుకుందాం. వారిలో ఆ ఏడాది ఇద్దరు మరణిస్తారని అంచనా వేస్తే చెల్లించవలసింది రెండు లక్షలు. తలా 200 రూపాయలు కడితే సరిపోతుంది. దీనికి సంస్థ ఖర్చులు కలుపుతారు, పెట్టుబడిపై వచ్చే వడ్డీని తగ్గిస్తారు. వయసు, జబ్బులు, పొగాకు అలవాటు, ప్రమాదకరమైన వృత్తి, ఇవన్నీ ఆ “ఇద్దరు” అన్న అంకెను పెంచేవే. ఆ అంకె మరణాల పట్టిక నుంచి వస్తుంది. 1693లో ఎడ్మండ్ హేలీ బ్రెస్లా నగరపు లెక్కలతో అలాంటి పట్టిక కట్టాడు. తోకచుక్కకు పేరిచ్చిన హేలీయే ఈయన!

అయితే మిమ్మల్ని ఏ వెయ్యిమందిలో చేర్చి లెక్కిస్తారు? గొడవంతా ఇక్కడే వచ్చింది. 1818లో కలకత్తాలో మొదలైన ఓరియంటల్ కంపెనీ ప్రధానంగా ఐరోపావారి కోసం పుట్టింది. ఆ కాలపు విదేశీ కంపెనీలు భారతీయుల ప్రాణాన్ని తక్కువ రకంగా ఎంచి అదనపు ప్రీమియం వసూలు చేసేవి. 1870లో ఏర్పడిన బాంబే మ్యూచువల్ భారతీయులకు కూడా మామూలు రేటుకే బీమా ఇచ్చింది. 1912 నాటి చట్టం రేట్ల పట్టికలను యాక్చువరీ ధ్రువీకరించాలని శాసించింది. మన మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా ఇన్సూరెన్స్‌ను స్థాపించింది 1925లో. ఇటువంటి సంస్థలన్నింటినీ కలిపి 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ అవతరించింది.

అంతటితో వివాదం తీరలేదు. ఈసారి ప్రశ్న గుజరాత్ నుంచే వచ్చింది. అహ్మదాబాద్‌లోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రానికి చెందిన మనుభాయ్ షా 1978లో ఒక అధ్యయన పత్రం వెలువరించారు. ప్రీమియం రేట్లు అనుచితంగా ఎక్కువగా ఉన్నాయనీ, బీమా అవసరమైన ఎందరికో అది అందడం లేదనీ ఆయన వాదన. దీనికి సంస్థ అధికారి ఒకరు ‘ది హిందూ’లో జవాబు రాశారు. ఆ జవాబును తన పత్రిక ‘యోగక్షేమ’లో వేసిన సంస్థ, షా ప్రతిజవాబును మాత్రం వేయలేదు. వేయవలసిందేనని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రీమియం రేటుపై మొదలైన తగవు వాక్ స్వాతంత్ర్యపు తీర్పుగా నిలిచిపోవడం విచిత్రమే.

మన నేత కార్మికుడి సంగతి అదే కేంద్రం వేసిన మరో కేసులో వచ్చింది. టేబుల్ 58 అనే టర్మ్ పాలసీ ప్రభుత్వ, అర్ధ ప్రభుత్వ, పేరున్న వాణిజ్య సంస్థల జీతగాళ్ళకు మాత్రమే ఇచ్చేవారు. మగ్గం కార్మికుడు, రైతు, చిల్లర వ్యాపారి ఆ గీతకు అవతలివారు. ఆ షరతు రాజ్యాంగ విరుద్ధమన్న గుజరాత్ హైకోర్టు మాటను 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. తీర్పు రాసిన న్యాయమూర్తి కె. రామస్వామి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు.

2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి పథకానిది పూర్తిగా వేరే దారి. రెండు లక్షల బీమాకు మొదట ఏడాదికి 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436. చేరేవారి వయసు 18 అయినా, 50 అయినా, ఉద్యోగి అయినా, కూలీ అయినా ఒకే మొత్తం. అంటే చిన్నవాడు తన వయసుకు తగిన దానికన్నా కొంత ఎక్కువే కడుతున్నాడు. పెద్దవాడి లోటు దానితో పూడుతోంది.