ద్రవాభిసరణ

నీటిని పోనిచ్చి, అందులో కరిగిన పదార్థాన్ని ఆపే పల్చని పొరకు ఒకవైపు పలుచని ద్రావణం, మరోవైపు చిక్కని ద్రావణం ఉంటే, నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు చేరుతుంది. ఇదే ద్రవాభిసరణ. ఆ పొరను పాక్షిక పారగమ్య త్వచం అంటారు. జీవకణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా త్వచం ఇలాంటిదే. బడిలో దీన్ని జీవశాస్త్రం పాఠంగా చెబుతారు గానీ, జరిగే పనంతా భౌతికశాస్త్రానిదే.

మాగాయ పెట్టే ఇళ్ళలో ఇది ఏటా కనిపిస్తుంది. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తారు. చుక్క నీరు పోయకపోయినా మూడోనాటికి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ముక్క పైనున్న ఉప్పు దాని తడిలోనే కరిగి చిక్కని ద్రావణమైంది; కణాల్లోని నీరు త్వచాలు దాటి బయటికి వచ్చింది. కొంతసేపటికి ఆ కణాలు చచ్చి, వాటి త్వచాలు పాడై, లోపలి పులుపు కూడా ఊటలోకి దిగుతుంది. ఊరగాయను పాడుచేసే సూక్ష్మజీవులు కూడా ఆ ఉప్పులో ఇలాగే నీరు కోల్పోతాయి. ఉప్పు తగ్గిస్తే ఊరగాయకు బూజు పట్టేది అందుకే.

ఉప్పు నీటిని లాగుతుందని వాడుకలో అంటాం. నిజానికి నీటి అణువులు రెండు వైపుల నుంచీ త్వచాన్ని ఎడతెగకుండా దాటుతూనే ఉంటాయి. కరిగిన పదార్థం ఎక్కువున్న వైపు నుంచి అవతలికి పోయేవి తక్కువ, అటు వచ్చేవి ఎక్కువ. మనకు కనిపించేది ఆ తేడా మాత్రమే.

ఇక్కడ లెక్కకు వచ్చేది కరిగిన పదార్థం బరువు కాదు, కణికల సంఖ్య. పాఠ్యపుస్తకాలు తొందరగా దాటేసే ఈ సంగతి ఆసుపత్రిలో ప్రాణం నిలబెడుతుంది. సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. 5 శాతం డెక్స్ట్రోజ్ సీసాలో లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. బరువులో ఇంత తేడా ఉన్నా, రెండింటి ద్రవాభిసరణ పీడనం, అంటే నీటి రాకను ఆపడానికి చిక్కని వైపున పెట్టాల్సిన ఒత్తిడి, ఇంచుమించు రక్తానిదే. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా రెండుగా విడిపోతుంది. గ్లూకోజ్ అణువు విడిపోదు, పైగా బరువైనది. ఏమీ కలపని శుద్ధమైన నీటిలో వేస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. చిక్కని ఉప్పునీటిలో ముడుచుకుపోతాయి.

మొక్క కణానికి గట్టి కణకవచం ఉంటుంది కాబట్టి నీరు చేరినా పగలదు, బిగుస్తుంది. లేత ఆకు నిటారుగా నిలిచేది ఆ బిగువు వల్లే. అత్తిపత్తిని తాకినప్పుడు ఆకు మొదలున్న ఉబ్బులో ఒకవైపు కణాల నుంచి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది, ఆకు వాలిపోతుంది. మూలకేశాలు మట్టిలోని నీటిని తీసుకునేదీ ద్రవాభిసరణతోనే. అయితే తాటిచెట్టు మొవ్వ దాకా నీరెక్కడానికి ఇదొక్కటే చాలదు. అక్కడ ప్రధానబలం ఆకుల నుంచి జరిగే బాష్పోత్సేకానిది.

ఫ్రాన్సుకు చెందిన నొల్లే 1748లో పంది మూత్రాశయపు పొరతో దీన్ని గమనించాడు. 1877లో ఫెఫర్ మట్టిపాత్ర గోడల్లో కృత్రిమ త్వచం ఏర్పరచి పీడనాన్ని కొలిచాడు. ఆ కొలతల ఆధారంగా వాంట్ హాఫ్ పీడనానికీ గాఢతకూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని సూత్రీకరించాడు. రసాయనశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే వచ్చింది. కణత్వచంలో నీటికి ప్రత్యేకమైన దారులున్నాయని చూపిన పీటర్ ఆగ్రేకు 2003లో అదే బహుమతి దక్కింది.

చిక్కని వైపున ద్రవాభిసరణ పీడనాన్ని మించిన ఒత్తిడి పెడితే నీరు వెనక్కి నడుస్తుంది. ఆర్.ఓ. యంత్రం చేసే పని ఇదే. సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం సుమారు 27 వాతావరణ పీడనాలు. అందుకే దాన్ని మంచినీరు చేయడానికి అంత విద్యుత్తు కావాలి. బోరునీటిలో లవణాలు చాలా తక్కువ కనుక చిన్న పంపు సరిపోతుంది. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఊరూరా ఆర్.ఓ. ప్లాంట్లు నడిచేది ఈ సూత్రం మీదే. త్వచం దాటని ఫ్లోరైడ్ మాయం కాదు. మిగిలిన నీటిలో మరింత చిక్కబడి గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ నీటిని మళ్ళీ అదే నేలలో ఇంకనిస్తే ఫ్లోరైడ్ తిరిగి ఆ మట్టికే చేరుతుంది.